నోరు తెరవలేని పదహారు రోజులు

అరటిపండు తింటూ ఇది రాస్తున్నాను. ముక్కలు కోసుకుని కాదు, తొక్క ఒలిచి నేరుగా కొరుక్కుని తింటున్నాను. మా ఆయన నరేశ్ పక్కనుంచి పోతూ "ఇగ చాలు, దవడ ఊడిపోతది" అని వెక్కిరించాడు. ఊడితే ఊడనీ. నోరు ఇంత పెద్దగా తెరుచుకోవడం ఎంత సుఖమో ఆయనకేం తెలుసు!

కాన్పు అయిన తొమ్మిదో రోజున నాకు ధనుర్వాతం వచ్చింది. బతికాను, పాప కూడా బాగుంది. ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు నరేశ్ ఫోన్లో ఇలాంటివి వెతికి, చివరికి ఏమైందో చదివే ధైర్యం లేక సగంలోనే మూసేసేవాడట. అలాంటి మనిషెవరైనా ఇది చదువుతుంటే నిశ్చింతగా చివరిదాకా రావచ్చు.

నా పేరు స్వరూప. నా పని కొంచెం వింతగా ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే రోగుల కాగితాలు చదివి, ఒక్కో జబ్బుకు దానికి కేటాయించిన కోడు వేస్తాను. మెడికల్ కోడింగ్ అంటారు. కంపెనీ హైదరాబాద్‌లో ఉంది, నేను మాత్రం కామారెడ్డిలో అత్తగారింట్లో కూర్చుని చేస్తాను. మా అత్తమ్మ వాడకట్టులో "మా కోడలు రోగాలకు నంబర్లు ఏస్తది" అని చెప్పుకుంటుంది, అదేదో పోలీసు ఉద్యోగం అన్నంత గర్వంగా.

ఈ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం ఒకటుంది. కాగితంలో రాసి లేకపోతే జరగనట్టే లెక్క, నీకు నువ్వు ఊహించుకోవద్దు. నాలుగేళ్లు ఆ పాఠాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. నా ఒంటి విషయం వచ్చేసరికి గాలికొదిలేశాను.

ఏడో నెల

మొదటి కాన్పు పుట్టింట్లోనే అన్నది మా వైపు ఆచారం. మా అమ్మ ఊరు ఎల్లారెడ్డి పక్కన. బాపు పోయిన దగ్గర్నుంచి అమ్మ బీడీలు చుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. ఏడో నెలలో ఒక మంచి గడియ చూసి, ఆ గడియ దాటిపోతుందని హడావుడిగా నన్ను ఆటో ఎక్కించారు. చీరలు వచ్చాయి, పసుపు కుంకుమలు వచ్చాయి, లాప్‌టాప్ వచ్చింది. సూదుల వివరాలు రాసే తల్లీబిడ్డల కార్డు మాత్రం అత్తమ్మ బీరువాలో ఉండిపోయింది.

అంతకుముందే కామారెడ్డిలో ఆశా అక్క నన్ను ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూదికి రెండుసార్లు పిలిచింది. ఒకసారి మీటింగులో ఉన్నాను, రెండోసారి జ్వరం. వచ్చేవారం వస్తానన్నాను. ఈలోగా స్కానింగ్‌కు పోయిన ప్రైవేటు దవాఖానలో ఏదో సూది వేశారు. ఏం సూది అని నేను అడగలేదు, అదే టీటీ అయ్యుంటుందని అనుకున్నాను. అది బలానికి వేసిన సూది అని తర్వాత తేలింది.

అమ్మ ఊళ్లో సర్కారు దవాఖాన నర్సమ్మ ఇంటికొచ్చి అడిగింది. "టీటీ సూదులు అయినయా స్వరూపా? కార్డేది?"

"అయినయక్కా. కార్డు అత్తగారింట్ల ఉండిపోయింది."

"మళ్ల ఏసినా ఏం గాదు. ఒకటి ఏసేస్తనా?"

అప్పటికి సెలవు పెట్టేలోపు పూర్తి చేయాల్సిన ఫైళ్లు కుప్పగా ఉన్నాయి. చెయ్యి నొప్పెడితే టైపింగ్ ఆగిపోతుంది. "వద్దక్కా, అయినయని చెప్తున్న గదా" అన్నాను.

"చదువుకున్నదానివి. నీకు నేను చెప్పాల్నా" అని నవ్వుకుంటూ పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయింది. నామీద ఆమెకున్న గౌరవమే నా కొంప ముంచింది. తప్పు ఆమెది కాదు, ముమ్మాటికీ నాదే.

వాన రోజు

కాన్పుకు ఇంకా పదిహేను రోజుల టైముందని అందరం నిమ్మళంగా ఉన్నాం. ఆ రోజు పొద్దున్నుంచీ ఆగని వాన, మధ్యాహ్నానికి నొప్పులు. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే బండి వచ్చింది, కానీ వాగు అవతల ఆగిపోయింది. రోడ్డు మీద నడుం లోతు నీళ్లు.

అమ్మ పక్కింటి లచ్చవ్వను పిలుచుకొచ్చింది. ఒకప్పుడు ఊళ్లో సగం మందికి పురుడు పోసిన మనిషి. చూపు తగ్గింది గానీ చేతుల్లో ఒడుపు తగ్గలేదు. "భయపడకు బిడ్డా, మీ అమ్మకు నిన్ను తీసింది గీ చేతులే" అంటూ నా నడుం నిమిరింది. సాయంత్రానికి పాప పుట్టింది.

బొడ్డు కోయడానికి ఇంట్లో కొత్త బ్లేడు లేదు. అమ్మ బీడీ చాటలోంచి కత్తెర తీసింది. రోజూ తునికాకు కోసే కత్తెర అది, మా ఇంట్లో దానికంటే పదునైన వస్తువు లేదు. వేడినీళ్లలో ముంచి తుడిచి ఇచ్చింది. బొడ్డు ముడివేసింది కూడా బీడీ కట్టలకు చుట్టే దారంతోనే. నాకు వాడిన గుడ్డలు అమ్మ పాత చీరలు, దొడ్లో దండెం మీద ఆరినవి. ఆ గంటలో మాకు అందుబాటులో ఉన్నవి అవి.

మర్నాడు నీళ్లు తగ్గగానే నర్సమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి వచ్చింది. పాపను తూకం వేసింది, బొడ్డు శుభ్రం చేసింది, నన్ను చూసింది. "టీటీ అయిందన్నవ్ గదా?" అని మళ్లీ అడిగింది.

"అయిందక్కా" అన్నాను మళ్లీ.

తొమ్మిదో రోజు

ఎనిమిదో రోజు దవడ పట్టేసినట్టుంది. బాలింతనని రోజూ పెట్టే తాంబూలం నమిలీ నమిలీ పట్టేసిందనుకున్నాను. అమ్మ మాత్రం "గాలి తగిలింది" అని తేల్చి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి, కాపడం పెట్టింది.

తెల్లారి అన్నం ముద్ద నోట్లోకి పోలేదు. పళ్ల మధ్య వేలు కూడా పట్టడం లేదు. మెడ బిగిసింది. పాప ఒళ్లో ఉంది. అమ్మ మా ఇద్దరినీ చూసి మురిసిపోతూ "ఏంది, బిడ్డను చూస్కుంట ఒక్కతే నవ్వుతున్నవ్?" అంది.

నేను నవ్వడం లేదు. నా పెదవులు వాటంతటవే సాగి అలా నిలిచిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ట్రైనింగ్‌లో మూడు కోడ్లు వరుసగా చెప్పారు. ఏ-33 పుట్టిన బిడ్డకు వచ్చే ధనుర్వాతం, ఏ-34 కాన్పు తర్వాత తల్లికి వచ్చేది, ఏ-35 మిగతా అందరికీ వచ్చేది. "నడిమి కోడు మీ సర్వీసు మొత్తంలో మీకు తగలదు, గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు" అన్నారు మా ట్రైనర్. గుర్తుపెట్టుకున్నందుకు ఇవాళ దండం పెట్టుకుంటున్నాను. నాకు ఏ-34 అయితే, పాపకు ఏ-33 కూడా రావచ్చు.

నోటితో చెప్పలేక నరేశ్‌కు ఫోన్లో టైపు చేశాను. "ధనుర్వాతం అనుకుంటున్న. పాపను గూడ చూపియ్యాలె. జల్ది రా."

ఎల్లారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు చూసిన ఐదు నిమిషాల్లో నన్నూ పాపనూ అంబులెన్సు ఎక్కించారు. చప్పుడుకు, కుదుపుకు ఒళ్లు విల్లులా వంగిపోతుందని డ్రైవరుకు చెప్పారు. ఆ అన్న ముఖం నేను సరిగా చూడలేదు, పేరు తెలియదు. కామారెడ్డి దాకా సైరన్ వేయలేదు. దారిలో ఉన్న ప్రతి గుంతనూ తప్పించాడు. ఎక్కడున్నా ఆ అన్న పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

చీకటి గది

కామారెడ్డిలో నన్ను ఒక చీకటి గదిలో పెట్టారు. కిటికీకి నల్లగుడ్డ కట్టారు. ముక్కులోంచి గొట్టం వేశారు, నిద్రమందు ఇస్తూ పోయారు. నొప్పి గురించి ఎక్కువ రాయను. తలుపు దడాలున పడితే వెన్ను విరిగినట్టు వంగిపోయేదాన్ని, ఒక్క క్షణం ఊపిరి అందేది కాదు, తెలివి మాత్రం పూర్తిగా ఉండేది. అంత చెబితే చాలు.

మనుషుల గురించి రాస్తాను. నన్ను చూసుకున్న సిస్టర్ మొదటి రోజే గాజులు తీసి జేబులో వేసుకుంది, నేను ఇంటికెళ్లేదాకా మళ్లీ తొడుక్కోలేదు. స్టూలు కాళ్లకు కట్టుగుడ్డ చుట్టింది. ఊడ్చే తాత చెప్పులు గుమ్మం బయటే వదిలి వచ్చేవాడు. బయట వరండాలో నరేశ్ "చప్పుడు చేయొద్దు" అని తెలుగులో రాసి గోడకు అంటిస్తే, వాళ్లమ్మ కోసం కూర్చున్న ఒకాయన దాని కింద ఉర్దూలో కూడా రాశాడట. ఆ వరండాలో ఎవరి కష్టం వాళ్లకుంది. అయినా వచ్చినవాళ్లంతా ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకున్నారు, చంటిపిల్లలు ఏడిస్తే ఎత్తుకుని మెట్ల వైపు పోయారు. ముక్కూమొహం తెలియని మనుషుల ఓపిక మీద నేను పదహారు రోజులు బతికాను.

పాపకు ముందుజాగ్రత్తగా సూది వేసి, కొన్నాళ్లు పిల్లల వార్డులో పెట్టి చూశారు. ఏమీ రాలేదు. తర్వాత అత్తమ్మ ఇంటికి తీసుకెళ్లింది. పక్కింటి షాహీన్‌కు నాలుగు నెలల కొడుకున్నాడు. డాక్టరును అడిగి, ఆమే పాపకు కూడా పాలిచ్చింది. రోజూ పొద్దున నరేశ్ తలుపు అద్దం దగ్గర నిలబడి అరచెయ్యి ఎత్తి చూపేవాడు. పాప పాలు తాగిందని అర్థం. ఆ చెయ్యి కనిపించేదాకా నాకు తెల్లారినట్టుండేది కాదు.

నాలుగో రోజో ఐదో రోజో, మందు మత్తు కొంచెం తగ్గిన పూట, తలుపు ఓరగా ఉండి అత్తమ్మ గొంతు వినపడింది. మెల్లగానే అంటోంది, కానీ ప్రతి మాటా తెలుస్తోంది.

"బీడీ కత్తెరతోని పేగు కోస్తరా వదినా? నా ఇంట్ల ఉంటే గిట్ల కానిచ్చేదాన్నా? పిల్లను మంచిగ పంపిస్తి, ఎట్ల జేసినవ్ సూడు."

ఎవరేమన్నా నాలుగు అంటించే మా అమ్మ నోట "నా చేతులే పాడు చేతులు" అన్న మాట ఒక్కటి వినపడింది.

ఆ క్షణం నేను చచ్చిపోతానేమోనని మొదటిసారి నిజంగా భయపడ్డాను. అప్పటిదాకా పాప కోసం భయం, ఊపిరి కోసం భయం. ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. నేనిలాగే పోతే, కూతుర్ని తన కత్తెరే చంపిందని అమ్మ జీవితాంతం నమ్ముతుంది. అసలు సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్ని, నా నోరేమో తాళం వేసినట్టుంది. చెప్పాలని గొంతు పెగల్చబోతే ఒళ్లు విల్లయిపోయింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మాట్లాడకు చెల్లె. ఏదున్నా తర్వాత చెప్దువు. ముందు బతుకు."

ఫోను వెలుగు నాకు పడదని దగ్గర పెట్టనివ్వలేదు. వేళ్లు పెన్ను పట్టే స్థితిలో లేవు. అలా ఆ మాటను పళ్ల వెనకాల పెట్టుకుని పడుకున్నాను. బతకాలని అంత మొండిగా ఎప్పుడూ అనుకోలేదు. దేవుడికి కూడా ఒకటే మొక్కాను, ఒక్కసారి నోరు తెరిపించు, చెప్పాల్సింది చెప్పేస్తాను అని.

నోరు తెరుచుకున్న రోజు

పదహారు రోజుల తర్వాత చెంచా చివర పళ్ల మధ్య దూరింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, చప్పుడని గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకుంది. అంబలి పట్టమంది. గిన్నె తీసుకుని అమ్మ వచ్చింది, వెనకే అత్తమ్మ. ఇద్దరి మధ్య మంచం వెడల్పు దూరం. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

చెంచా నోటి దగ్గరికి వచ్చింది. తల పక్కకు తిప్పాను. అమ్మ బెంబేలెత్తింది. "ఏమైందిరా? నొస్తుందా?"

"కత్తెర గాదు" అన్నాను. గొంతు నాది కాదు, ఎవరో ముసలిదానిది. "సూది. నేను టీటీ ఏయించుకోలే. నర్సమ్మ అడిగితే అయిందని చెప్పిన. రెండుసార్లు చెప్పిన. ఏస్తనంటే గూడ వద్దన్న."

డాక్టరమ్మే అందుకుంది. "కత్తెరో, గుడ్డో, ఇంకేదో, ఎవరూ చెప్పలేరమ్మా. ఈ క్రిమి మట్టిలో ఎక్కడైనా ఉంటుంది. సూదులు పడి ఉంటే ఇంత జరిగేది కాదు. వాన రోజు ఆ ముసలామె, మీరు లేకపోతే తల్లీబిడ్డలు అక్కడే పోయేవాళ్లేమో" అని అమ్మకు చెప్పింది.

అత్తమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్నే. ఆమె నా కాళ్ల దగ్గరి దుప్పటి సవరిస్తూ "కార్డు నా బీరువల్నే ఉండె. నేనన్న ఒక్కసారి తెరిచి సూడకపోతి" అంది.

అమ్మ మాత్రం ముఖం తుడుచుకుని చెంచా మళ్లీ ఎత్తింది. "మాటలు తర్వాత. మొదలు ఇది తాగు."

చీటీ మీద అంకె

ఇంటికి పంపే రోజు కాగితాలు చేతికిచ్చే ముందు, నా పాత బుద్ధి ఊరుకోలేదు. నరేశ్ భుజం పట్టుకుని నడుచుకుంటూ రికార్డులు రాసే గదికి పోయాను. అక్కడి అన్నను నా ఫైలుకు ఏం కోడు వేస్తున్నారని అడిగాను. ఏ-35 అన్నాడు. ఇంకా రాత పక్కా కాలేదు.

"ఏ-34 అన్నా. కాన్పు తర్వాత వచ్చింది గదా" అన్నాను.

"ఏదైతే ఏందమ్మా? మందు గదే, మంచం గదే."

"కాల్ల మేకు గుచ్చుకున్నోళ్లకు ఏసేది ఏ-35. నాది ఏ-34. గది సూస్తే ఒక తల్లికి ధనుర్వాతం ఎట్లొచ్చిందని పైవాళ్లు అడుగుతరు. అడుగుతేనే మా ఊరికి వచ్చి మిగిలినోళ్ల కార్డులు సూస్తరు. ఇంకొకటి గూడ రాయి అన్నా, టీటీ దగ్గర 'తెలియదు' అని పెట్టిండ్రు. 'వేయించుకోలేదు' అని రాయి."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగి, రెండూ మార్చాడు. నా చేత్తో ఎన్నో వేల ఫైళ్లకు కోడ్లు వేశాను. ఒక మనిషి కోసం కోడు వేయించడం అదే మొదటిసారి.

అన్నట్టే అడిగారు, వచ్చారు. నర్సమ్మ, ఆశా అక్క, పైనుంచి వచ్చిన ఒక మేడం కలిసి అమ్మ ఊళ్లో గడపగడపా తిరిగారు. నాలాగే "అయినయి" అని నోటితో చెప్పి, కార్డులో లేని గర్భిణులు ముగ్గురు దొరికారు. ముగ్గురూ ఆ రోజే వేయించుకున్నారు. నర్సమ్మ కాళ్లు పట్టుకుందామని పోతే, "ఊకో, నేను గూడ కార్డు సూడకుంట రాసిన" అని నన్నే దగ్గరికి తీసుకుంది. ఈ జబ్బు ఒకసారి వచ్చి పోయినంత మాత్రాన మళ్లీ రాదని లేదట, నేను కూడా సూదులు పూర్తి చేసుకోవాలి. ఆమె అడిగేలోపే చెయ్యి చాపాను. ఈ రాత చదివే ఆడపిల్లలకు నేను చెప్పేది కూడా అంతే. అయిందనుకోవద్దు, కార్డు తీసి చూసుకోండి.

పురుడు

ఇరవై ఒకటో రోజున చేయాల్సిన పురుడు వేడుక రెండు నెలలకు చేశాం, అమ్మ ఇంట్లోనే. లచ్చవ్వకు అత్తమ్మే కొత్త చీర పెట్టింది. షాహీన్ కొడుకునెత్తుకుని కామారెడ్డి నుంచి వచ్చింది.

అప్పటికీ అమ్మ తన కత్తెర ముట్టడం లేదని నాకు తెలుసు. దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. పక్కింటివాళ్ల మొద్దు కత్తెరతో ఆకు కోసుకుంటూ, కోత బాగాలేదని బీడీలు తీసుకునేవాళ్ల చేత మాటలు పడుతోంది. తప్పు ఎవరిదో నేను చెప్పాను, డాక్టరమ్మ చెప్పింది. అయినా చేతులకు నమ్మకం రాలేదు.

పాపకు నల్ల మొలతాడు కట్టాక, వేలాడే కొసలు కోయాల్సి వచ్చింది. నరేశ్ బ్లేడు తీశాడు.

"నువ్వు జరుగు" అంది అత్తమ్మ. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "వదినా, నీ కత్తెర తీస్కరా."

అమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "గది వద్దొదినా."

"గదే గావాలె. నా మనుమరాలిని భూమ్మీదికి తెచ్చిన కత్తెర, గదొద్దంటే ఎట్ల? కాకుంటే ముందుగాల మంచిగ ఉడుకబెట్టు."

అమ్మ అటకెక్కి దించింది. పొయ్యి మీద గిన్నె పెట్టి కత్తెర వేసింది. వచ్చినవాళ్లంతా, లచ్చవ్వతో సహా, గుడ్డు ఉడికేదాకా చూసినట్టు ఆ గిన్నె చుట్టూ కూర్చున్నారు. "ఉడికిందా?" అని ఒకరు, "ఇంకో పొంగు రానియ్" అని ఒకరు. అత్తమ్మ మూత తీసి చూసి ఇంకా కాలేదని రెండుసార్లు మళ్లీ మూయించింది. చివరికి అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, చల్లారనిచ్చి, పాప మొలతాడు కొసలు టక్కున కోసింది.

పాప ఉలిక్కిపడి అందరి వైపూ చూసింది. అమ్మ నా వైపు చూసి, "మళ్ల ఒక్కతే నవ్వుతున్నవేందే?" అంది.

ఈసారి నిజంగానే నవ్వుతున్నాను.